పెట్టె కొన్నవాని హక్కు

మన యిండ్లలో తాళమునకు గౌరవము తక్కువ. కోడలు తన పెట్టెకు తాళము వేసికొన్నచో "ఈ యింట దొంగలెవ్వరున్నారు?" అని అత్త యడుగును. కుమార్తెకు వచ్చిన యుత్తరమును తండ్రి ముందుగా విప్పి చదివి, పిమ్మట నామె చేతికిచ్చుట పెంపకములో నొక భాగమని తలచును. ఈ దురాచారమును నిందించుచు నేను సభలలో మాటలాడితిని, పత్రికలకు వ్రాసితిని. అట్టి నేనే గత వేసవి చివర, ముఖమైన నెరుగని యొక స్త్రీ తాళమును తీయుటకై యొక రాత్రి పదునొకండు గంటల వరకు కూర్చుంటిని. ఆ సంగతి చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలును వ్రాయుచున్నాను.

నా తమ్ముని కుమార్తె డిగ్రీలో చేరినది. క్రొత్త ల్యాప్‌టాపు కొనుటకు మాకు శక్తి చాలలేదు. సికింద్రాబాదులో పాతవానిని బాగుచేసి యమ్మెడి యంగళ్లు పెక్కు గలవు. అందొకదానిలో 14,000 రూపాయలకు బేరము కుదిరినది. అంగడివాడు బల్లపై నున్న యంత్రమును నడిపి చూపి, లోపలినుండి యదే రకమైన వేరొక దానిని తెచ్చి సంచిలో పెట్టి యిచ్చెను. దానిని గూడ నక్కడనే నడిపి చూపుమని యడుగకపోవుట నా తెలివి. ఇల్లు చేరి మీట నొక్కగా తెరమీద నొక చంటిబిడ్డ బొమ్మయు, దాని క్రింద నొక స్త్రీ పేరును, ఆ పేరు క్రింద పాస్‌వర్డు వ్రాయవలసిన గడియును కానవచ్చెను.

మొదట 1234 అని కొట్టితిని. తరువాత నామె పేరును, ఆ పేరు చివర 123ను చేర్చి చూచితిని. పిమ్మట నేడుకొండలవానిని, యాదగిరి నరసింహుని, షిర్డీ సాయిని వరుసగా ప్రార్థించితిని. ఎవ్వరును పలుకలేదు. కొన్ని తప్పులైన వెనుక యంత్రమే జాలిపడినట్లు "సూచన: మా ఇంటి బంగారం" అని చూపెను. అనగా ఆ బిడ్డ పేరన్న మాట! అప్పటినుండి నాకు పంతము హెచ్చినది. తల్లిదండ్రులు పెట్టిన పేరొక్కటియే కాగా, నేనా బిడ్డకు నలువది పేరులు పెట్టితిని.

మా అమ్మాయి ప్రక్కనే కూర్చుండి యంతయు చూచుచుండెను. కొంతసేపటికి "పెదనాన్నా! అది తెరచుకొన్నచో మొదట మనకేమి కనబడును?" అని యడిగెను. "ఆమె బొమ్మలో, ఉత్తరములో, ఏవో కనబడును. తరువాత తీసివేయుదములే" అంటిని. "అయితే నేనిక్కడ కూర్చుండను" అని లేచి లోపలికి పోయినది. నేను మాత్రము మరి నాలుగు పేరులు ప్రయత్నించి గాని లేవలేదు.

మరునాడు యంత్రమును దీసికొని యంగడికి పోతిని. అచ్చటి పనివాడు కుర్రవాడైనను తన విద్య నెరిగినవాడు. యంత్రము పాస్‌వర్డును ఉన్నది యున్నట్లుగా దాచుకొనదట. దానిని గణితముచే వేరొక గుర్తుగా మార్చి యా గుర్తును మాత్రమే యుంచుకొనును. మనము కొట్టిన మాటను గూడ నట్లే మార్చి, రెండు గుర్తులును సరిపోలిన తలుపు తీయును. గుర్తునుండి మాటను వెనుకకు రాబట్టుట కష్టము. కాని పనివానికి మాటతో పనియేమి? పెన్‌డ్రైవులోని వేరొక వ్యవస్థతో యంత్రమును నడిపి, ఆ గుర్తునే తుడిచివేయవచ్చును. "ఇది వాకిటి గడియ వంటిదే గాని యినుపపెట్టె కాదండీ" అని నవ్వెను. డిస్కంతటిని రహస్యలిపిలోనికి మార్చెడి బిట్‌లాకరు వంటి యేర్పాటున్నచో మాత్రము 48 అంకెల తాళపుచెవి లేనిదే లోపలి దేదియు చదువరాదు. ఈ యంత్రమున నది లేదు.

కావున మార్గములు రెండు. గుర్తును తుడిచినచో పది నిమిషముల పని, లోపలి వన్నియు యథాతథముగా నుండును. డిస్కునంతటిని చెరిపి విండోసును మరల నెక్కించినచో గంట పైబడి పట్టును, లోపలి దేదియు మిగులదు. "మొదటిదే చేసెదనండీ. లోపల సినిమాలేవైన నున్న నవియు మీవే" అనెను. వాని మాటలో దురుద్దేశ మేమియు లేదు. గిన్నె కొన్నవానికి గిన్నెలోని పాయసము కూడ వచ్చునన్నట్లే వాడు పలికెను. నా చెవికి మాత్రము నా నోటి మాటయే తిరిగి వినవచ్చినట్లు తోచెను.

ఈ పాస్‌వర్డు పుట్టుక నిచ్చట స్మరింపదగును. 1961లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో మొదలగువారు ఒకే కంప్యూటరును పలువు రొక్కసారి వాడుకొను నేర్పాటు చేసి, ఎవరి వ్రాతలు వారికి దక్కుటకై తలకొక పాస్‌వర్డు నిచ్చిరి. యంత్రము వారిలో నెవ్వరిదియు కాదు, సంస్థది. కనుక నా తాళము తన మొదటినాటినుండియు కాచినది యంత్రమును గాదు, అందలి వ్రాతను. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధకుడు, తనకిచ్చిన యంత్రకాలము చాలక, ఆ పాస్‌వర్డుల పట్టిక నంతటిని అచ్చు వేయించి తీసికొనెను. వాని యక్కర చిన్నది. నాదియు చిన్నదే. ఒరుల తాళముపై చేయి వేయువాని కెల్లప్పుడును ఇట్టి చిన్న యక్కరయే కనబడుచుండును.

చెరిపివేయుమని చెప్పబోయి నిలిచితిని. లోపలివి నేను చదువదగనివైనచో, చెరుపుటకు మాత్ర మధికారి నగుదునా? అమ్మినవారి కొక్కమాట చెప్పుమని యంగడివానిని బలవంతపెట్టితిని. వాడు విసుగుకొనుచునే పుస్తకము చూచి ఫోను చేసెను. పలికినవాడు పురుషుడు. "తుడిచివేయుడు, మాకేమియు నక్కరలేదు" అనెను. "తెరమీద నున్న పేరెవరిది?" అని నేనడిగితిని. "నా భార్యది." "అమ్మినట్లామె కెరుకయేనా?" ఆవల కొంతసేపు మాట లేదు. ఆ సాయంకాలము ఆమెయే ఫోను చేసెను.

మూడవనా డామె బిడ్డతో వచ్చినది. ప్రైవేటు పాఠశాలలో నుపాధ్యాయిని. మూడేండ్లుగా వ్రాసికొన్న పాఠములును, బిడ్డ మొదటియేటి బొమ్మలును అందే యున్నవి. ఆమె పుట్టింటికి పోయిన సమయమున భర్త దాని నమ్మెను. మేము మొగములు త్రిప్పుకొంటిమి. ఆమె వ్రేళ్ల చప్పుడు క్షణకాలము వినబడెను, తాళము తెరచుకొన్నది. కావలసినవి పెన్‌డ్రైవులోనికి దించుకొని, తానే దగ్గర నిలిచి మిగిలినదంతయు చెరిపించెను. పోవునప్పుడు "తాళము పగులగొట్టుట పది నిమిషముల పనియట కదా! మీరట్లు చేయలేదు, చాల సంతోషమండీ" అని నమస్కరించెను. నేను తాళము తీయలేదనుట నిజము. తీయజూడలేదనుట నిజము కాదు. ఈ రెండవ మాట నామెతో చెప్పలేకపోయితిని. అందుచే చదువరులతో చెప్పుచున్నాను.

2017 ఆగస్టు 24వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు, పుట్టస్వామిగారి వ్యాజ్యెమున, వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ తీర్పు ప్రభుత్వమును నిలదీయుటకు పనికివచ్చును. మామగారిని, మగనిని, పెదనాన్నను నిలదీయుట కది యింకను గడప దాటి లోపలికి రాలేదు. దానిని తెచ్చుట న్యాయమూర్తుల పని గాదు, మనది.

అమ్మువారికి నొక మనవి. ఫైలును తీసివేసినంతమాత్రమున వ్రాత చెరగదు. విషయసూచికలో పేరు కొట్టివేసిన పుట చినుగనట్లే, పాత డిస్కులలో నది చాలకాల మట్లే యుండును. విండోసులో రీసెట్టను నేర్పాటు కలదు. అన్నియు తీసివేయుటయే గాక, డ్రైవును శుభ్రపరచుటను గూడ నందెంచుకొనవలెను. అన్నిటికంటె ముందు, ఆ యంత్రము నెవరు వాడుచుండిరో వారి నడుగవలెను. కొనువారు తాము కొన్న యంత్రమునే యంగడిలో నడిపించి చూచుకొనవలెను.

ఇప్పుడా ల్యాప్‌టాపు మా అమ్మాయిది. మొదటి దినముననే పాస్‌వర్డు పెట్టుకొన్నది. మొన్న భోజనముల వేళ మా తమ్ముడు "ఆ పాస్‌వర్డేదో నాకును చెప్పియుంచుమమ్మా, ఎప్పుడైన పనిబడును" అనెను. ఆ పిల్ల తండ్రివైపు చూడక నావైపు చూచినది. వెనుకటి దినములలో నైన నేనును తమ్మునితో గొంతు కలిపియుందును. "అక్కర కలిగిననాడు దానినే పిలిచి తెరువుమందములే" అంటిని. తమ్ముడు మాటలాడలేదు. కోపము వచ్చినదని తెలియుచునే యున్నది. మజ్జిగ పోసికొని లేచిపోయెను.