నాన్న మిగ్, అక్క పచ్చ రంగు

మా ఇంట్లో బదిలీ అంటే నల్ల ట్రంకు పెట్టెలు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. వాటి మీద తెల్ల రంగుతో నాన్న పేరు, నంబరు, చేరాల్సిన ఊరు. కొత్త ఊరు రాసే ముందు పాత ఊరి మీద నల్ల రంగు పూస్తాడు నాన్న. అయినా పెట్టెను కిటికీ దగ్గర పెట్టి పక్కనుంచి చూస్తే తేజ్‌పూర్, సూరత్‌గఢ్ అన్న అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంటాయి.

మా ఇంట్లో ఇలా రంగు మీద రంగు పడ్డది ఇంకొకటి ఉంది. అది నాన్న చేసిన మిగ్-21 బొమ్మ విమానం. 72 వంతుల్లో ఒక వంతు సైజు. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ ముక్కలు కొనుక్కుని అతికించే రకం. నాన్న వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. 2006లో తేజ్‌పూర్‌లో, అమ్మ ఇంకా ఊళ్లోనే ఉన్న రోజుల్లో, బ్యారక్‌లో కూర్చుని దాన్ని చేశాడట. హార్డ్‌వేర్ షాపులో కొన్న వెండి రంగు ఎనామిల్ వేశాడు. తోక మీద నంబరు సన్న బ్రష్‌తో తనే రాశాడు.

నేను మాత్రం దాన్ని వెండి రంగులో ఎప్పుడూ చూడలేదు. సూరత్‌గఢ్‌లో ఉన్నప్పుడు అక్క దానికి పచ్చ రంగు వేసేసింది. అక్క అప్పుడు ఐదో తరగతి. అమ్మ చీరల మీద పువ్వులు వేసుకునే ఫ్యాబ్రిక్ కలర్స్ డబ్బా దాని చేతికి చిక్కింది. చుట్టూ ఇసుకే కదా, ఒక్కటైనా పచ్చగా ఉండాలనుకుందట. బీదర్ వచ్చాక నేను ఆ పచ్చ మీద బూడిద రంగు అక్రిలిక్ మందంగా పట్టించాను. దాంతో రెక్కల మీద సన్నటి గీతలు, రివెట్లు అన్నీ పూడిపోయాయి. విమానం సబ్బు ముక్కలా తయారైంది.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు జరిగింది. 1963లో వచ్చిన విమానాలు. మేం టీవీలో చూశాం. నాన్న ఏమీ మాట్లాడలేదు. చివర్లో లేచి, షోకేసులోంచి బొమ్మను తీసి, తోకను బొటనవేలితో రుద్ది చూసి, మళ్లీ పెట్టేశాడు. నంబరు కోసం వెతికాడని నాకు అర్థమైంది.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్లాక పని మొదలుపెట్టాను. రంగు తీయడానికి గోళ్ల రంగు తీసే మందు ఉంది కదా! అమ్మది ఒక సీసా దొరికింది. దూదికి పట్టించి ఎడమ రెక్క చివర రుద్దాను. రంగు వెంటనే వచ్చింది. ఆ తర్వాత రెక్క కూడా వచ్చింది. అంటే విరగలేదు, మెత్తబడింది. దూది పీచులు అంటుకున్నాయి. కంగారులో పీకబోతే నా బొటనవేలి ముద్ర రెక్కలోకి దిగిపోయింది. కాసేపటికి అది అలాగే గట్టిపడింది.

సాయంత్రం నాన్నకు చూపించాను. కొడతాడేమో అనుకున్నాను. ఆయన మాత్రం ఆ వేలిముద్ర కేసి చాలాసేపు చూసి, "ఏం వాడావురా?" అని అడిగాడు. చెప్పాను. మంచం కింద దాచిన ప్యాకింగ్ సామాన్లలోంచి ఒక థర్మకోల్ ముక్క తెచ్చి, దాని మీద ఆ మందు ఒక చుక్క వేశాడు. థర్మకోల్ చిమ్ముతున్నట్టు కరిగి గుంట పడింది. "ఇదీ పాలీస్టైరిన్, నీ విమానమూ పాలీస్టైరిన్. దీంట్లో గాలి నింపారు, అంతే తేడా. అసిటోన్‌కి రెండూ ఒకటే," అన్నాడు. అసిటోన్ లేదని సీసా మీద రాసి ఉన్న రకమైనా ఇదే పని చేస్తుందట. దాంట్లో ఎక్కువగా ఈథైల్ అసిటేట్ ఉంటుంది, అది కూడా ఈ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

తర్వాత ఇంకో సీసా తెచ్చాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఫోన్లు బాగుచేసేవాళ్లు సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాడేది. అదే థర్మకోల్ మీద ఇంకో మూల చుక్క వేశాడు. ఏమీ కాలేదు. ఆరిపోయింది.

నిజమైన విమానాలకు పాత రంగు తీసేది అందం కోసం కాదని ఆ రోజే తెలిసింది. ఓవర్‌హాల్‌లో రంగు తీస్తేనే కింద లోహానికి పగుళ్లు, తుప్పు ఉన్నాయో లేదో కనిపిస్తుంది. తీసే మందు రంగును మాత్రమే తినాలి, కింద ఉన్నదాన్ని కాదు. కాబట్టి ముందు కింద ఏముందో తెలుసుకోవాలి. నేను ఆ ప్రశ్న వేసుకోకుండానే మొదలుపెట్టాను.

మా బొమ్మ విషయంలో మాకో అదృష్టం ఉంది. పైన ఉన్న నా రంగు, దాని కింద అక్క రంగు రెండూ అక్రిలిక్‌లే. ఫ్యాబ్రిక్ కలర్స్ కూడా ఆ జాతివే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాటిని మెత్తబరుస్తుంది. బాగా ఎండిన నూనె ఎనామిల్ జోలికి మాత్రం అంత త్వరగా పోదు. అంటే జాగ్రత్తగా చేస్తే మా రెండు రంగులూ పోయి, నాన్న వెండి రంగు మిగలొచ్చు. మొత్తం ప్లాస్టిక్ దాకా తీయాలనుకునేవాళ్లు నీళ్లు కలపని డెట్టాల్‌లో ఒక రోజు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోముతారు. రంగంతా వదలకముందే నీళ్లు పోస్తే జిగురు ముద్దవుతుందట. మాకు ఆ పద్ధతి పనికిరాదు, నాన్న రంగు కూడా పోతుంది.

ఉప్పు కాగితంతో గీకేద్దామా అన్నాను. వద్దన్నాడు. అప్పటి ఎనామిల్ రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. నాన్న డబ్బా అంతకు చాలా ముందుది. పొడిగా గీకితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది.

ఆదివారం బాల్కనీలో కూర్చున్నాం. వంటగదిలో గ్యాస్ కట్టేసి తలుపు మూశాం, ఆ మందుకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. చేతులకు గ్లవ్స్, కింద పాత పేపర్లు. మొదట విమానం పొట్ట కింద, ఎవరికీ కనపడని చోట, చెవి పుల్లతో ఒక్క చుక్క పెట్టి ఒక నిమిషం ఆగాం. బూడిద రంగు ముడతలు పడింది. మెల్లగా తిప్పుతూ తుడిస్తే పుల్లకి బూడిద, ఆ తర్వాత పచ్చ. ఆ తర్వాత తళుక్కుమని వెండి. పుల్లకి వెండి అంటలేదు. నాన్న "ఆగు, ఆగు" అని చెయ్యి పట్టుకుని దాన్ని వెలుతురులో చూశాడు. అప్పుడు మొహంలో వచ్చిన మార్పు నేను రాయలేను.

నానబెట్టకుండా, అరచేయంత జాగా చొప్పున, పుల్లలు మారుస్తూ చేశాం. మూడు ఆదివారాలు పట్టింది. మురికి పుల్లలు మూత ఉన్న డబ్బాలో వేశాం, సింకులో పోయలేదు. గీతల్లో ఇరుక్కున్నది తీయడానికి అగరువత్తి పుల్ల వాడాను. పిన్ను వాడితే గీత పడుతుంది. తోక నేను ముట్టుకోలేదు, నాన్నే చేశాడు. సి అనే అక్షరం, దాని పక్కన అంకెలు బయటపడ్డాయి. చివరి అంకె కొంచెం వాలిపోయి ఉంది. "అప్పుడు కరెంటు పోయింది, కొవ్వొత్తి పెట్టుకుని రాశాను," అన్నాడు. ఇన్నేళ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఉత్సాహంలో విశాఖపట్నంలో చదువుతున్న అక్కకి వీడియో కాల్ చేసి చూపించాను. అక్క నవ్వలేదు.

"నా పచ్చ ఏదిరా?"

"తీసేశాం కదే. కింద నాన్న రంగు చూడు!"

"నన్నొక్క మాట అడగొచ్చుగా," అని పెట్టేసింది.

నాకు కోపం వచ్చింది. ఫ్యాబ్రిక్ కలర్ వేసినందుకు ఇంత రాద్ధాంతమా? కానీ రాత్రి ఆలోచిస్తే, సూరత్‌గఢ్‌లో మేమున్న క్వార్టర్ ఇప్పుడు ఇంకెవరిదో. అక్క పెంచిన వేపమొక్క ఉందో లేదో తెలియదు. తీసిన రంగు మళ్లీ వేసినా అది అక్క ఐదో తరగతిలో వేసిన రంగు అవదు. ఈ సంగతి మొదటి పుల్ల పచ్చగా మారినప్పుడే తట్టాల్సింది. నాన్నకీ తట్టలేదు.

మర్నాడు విమానాన్ని టార్చి పెట్టి చూశాను. ముక్కు దగ్గర గాలి లోపలికి పోయే గుండ్రటి సందు ఉంటుంది. దాని లోపల, చక్రాలు ముడుచుకునే గుంటల్లోనూ, పుల్ల చేరని చోట పచ్చ అలాగే ఉంది. ఫొటో తీసి అక్కకి పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది. "అది ముట్టుకుంటే చంపుతా."

రెక్క మీద నా వేలిముద్ర అలాగే ఉంది. పుట్టీ పెట్టి సరిచేయొచ్చు, నాన్న పుట్టీ కొన్నాడు కూడా. ఇంకా మూత తీయలేదు.

మొన్న బదిలీ ఆర్డరు వచ్చింది. విమానాన్ని పాత బనియన్‌లో చుట్టి బిస్కెట్ డబ్బాలో పెట్టాను. థర్మకోల్ ముక్కలు చుట్టూ కూరాను. ఈ వ్యాసం రాస్తుంటే నాన్న వరండాలోంచి పిలుస్తున్నాడు. పెట్టెల మీద ఊరు మార్చాలి, నల్ల రంగు డబ్బా మూత రావడం లేదు, స్క్రూడ్రైవర్ తెమ్మంటున్నాడు.