పసుపు రంగు లోహం

"బంగారం అని రాశావంటే ఇరుక్కున్నట్టే." జైల్లో వార్డరుగా చేరిన కొత్తలో మా హెడ్ వార్డరు గారు నేర్పిన మొదటి పాఠం. ఖైదీ ఉంగరం ఎంత ధగధగలాడినా సామాను రిజిస్టర్లో 'పసుపు రంగు లోహపు ఉంగరం ఒకటి' అనే రాయాలి. మనం కంసాలులం కాదు కదా!

ఒక్కసారి తప్పాను. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర కొట్లాటలో రిమాండుకొచ్చిన కుర్రాడి ఉంగరాన్ని 'బంగారపు' అని రాసేశాను. బెయిలొచ్చిన రోజు వాళ్ల బావ దాన్ని గోటితో గీకి, "ఇది రోల్డుగోల్డండీ, మావోడిది అసలుది" అన్నాడు. నాకు చెమటలు. నా రాతే నా మీద సాక్ష్యం. కాసేపు గింజుకుని కుర్రాడే నోరు విప్పాడు: "ఆయ్, అసలుది పండక్కి ముందే తాకట్టు పెట్టానండీ. ఇంట్లో తెలీకుండా ఇది పెట్టుకు తిరుగుతున్నాను." బావ చూసిన చూపుకి వాడు మళ్లీ లోపలికొస్తానంటాడేమో అనుకున్నా.

అరెస్టయిన మనిషి ఒంటి మీదవి మొదట పోలీసులే తీసి రసీదు ఇవ్వాలి. ఒకప్పుడు అది సీఆర్‌పీసీ 51, 2024 జులై నుంచి నాగరిక్ సురక్షా సంహిత 49. ఆడవాళ్లని ఆడవాళ్లే, మర్యాద తప్పకుండా సోదా చెయ్యాలి. దొంగసొత్తు కోర్టు దారిన పోతుంది. కోర్టు ఏ ఉత్తర్వూ ఇవ్వని డబ్బూ వస్తువులూ జైలరు సంరక్షణలో ఉండాలని 1894 నాటి జైళ్ల చట్టం 25వ సెక్షను. అంటే మాది కాపలా పనే.

ఇప్పుడంతా ఫోనే. ఓ సఖినేటిపల్లి కుర్రాడి సామానులో రొక్కం సున్నా. ఉన్నదంతా ఫోన్లోనే. బెయిలు కాగితాలు పొద్దుగూకే వేళకి వచ్చాయి. ఫోను చచ్చి పడుంది, బస్సుకి పైసా లేదు. అప్పటినుంచి నా బల్ల మీద రెండు రకాల ఛార్జర్లు పెట్టుకున్నాను. ఏ రూలు పుస్తకంలోనూ ఛార్జరు మాట లేదు, అడిగినవాళ్లూ లేరు.

అన్నిటికంటే కష్టం మొలతాడు. ఉరేసుకుంటారన్న భయంతో తీయించేవాళ్లం. పర్సు, వాచీ, తాయెత్తు మాట్లాడకుండా ఇచ్చేసినవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోయేవారు. గట్టు తగాదాలో వచ్చిన ఒక పెద్దాయన నడుం పట్టుకుని నిలబడ్డాడు. "కాటిలో తెంపే తాడు బాబూ ఇది. బతికుండగానే తీయిస్తావా?" నా దగ్గర జవాబు లేదు. తెంపకుండా ముడి విప్పమన్నాను. అరగంట పట్టింది. 'నల్ల మొలతాడు ఒకటి' అని రాసి, విలువ దగ్గర అడ్డగీత గీశాను. కవర్లో వేసి, పైన నంబరేశాను.

విడుదలైన రోజు ఆయన ముందు పన్నెండు వందల రొక్కం, వాచీ, కళ్లజోడు పెట్టాను. లెక్క చూసుకోమన్నాను. నోట్లు ముట్టుకోలేదు. కవరు చింపి తాడు తీసి, "కాస్త అటు తిరుగు బాబూ" అన్నాడు.

గోడవైపు తిరిగి నిలబడ్డాను.