పక్షి కాలికి కట్టిన చీటీ

వ్లాదిస్లావ్ టచనోవ్‌స్కీ సైబీరియాను చూడలేదు. పెరూ దేశాన్ని చూడలేదు. అయినప్పటికీ పందొమ్మిదవ శతాబ్దంలో ఆ రెండు ప్రాంతాల పక్షులను గురించి ప్రామాణికమైన గ్రంథాలు వ్రాసినది ఆయనే. 1862 మొదలు 1890 జనవరిలో కన్నుమూసేవరకూ ఆయన వార్సా నగరంలోని జంతుశాస్త్ర సంగ్రహశాలకు సంరక్షకుడుగా ఉన్నాడు. నడుమ ఒకసారి అల్జీరియాకు పోయి వచ్చినాడు. తక్కిన ప్రయాణాలన్నీ బల్ల ముందు కూర్చుండి చేసినవే.

ఆ బల్ల మీదికి పెట్టెలు వచ్చేవి. మూత తీస్తే లోపల వరుసగా పక్షుల చర్మాలు. మాంసాన్ని తీసివేసి, లోపలి వైపు పాషాణం కలిపిన సబ్బు పట్టించి, దూది కూరి, కుట్టి, కాళ్లు రెండూ జోడించి కట్టినవి. ప్రతి పక్షి కాలికీ ఒక చీటీ. ఏ చోట దొరికినది, ఏ నెల, ఏ తేదీ, మగదా, ఆడదా, కంటిరంగు ఏమి అన్న వివరాలు ఆ చీటీ మీద ఉండవలెను. కంటిరంగు అక్కడికక్కడే వ్రాయక తప్పదు. ప్రాణం పోయిన తరువాత మొట్టమొదట చెడిపోయేది కన్నే. చీటీ ఊడిపోయిన చర్మం శాస్త్రానికి వట్టి ఈకల మూట. ఆ చీటీలు వ్రాసిన వారెవరు, ఎక్కడ కూర్చుండి వ్రాసినారు అన్నది పక్షుల కథకంటె తక్కువది కాదు.

అప్పటికి పోలండు అనే దేశం పటంలో లేదు. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు దానిని మూడవసారి పంచుకొని తుడిచివేసినవి. తిరిగి 1918 వరకూ అది తలయెత్తలేదు. వార్సా జారు చక్రవర్తి ఏలుబడిలో పడినది. 1863లో అక్కడి ప్రజలు తిరుగుబాటు చేసినారు, ఓడిపోయినారు. ఉరికంబాలు లేచినవి, వేల మందిని సైబీరియాకు నడిపించినారు. టచనోవ్‌స్కీ సంగ్రహశాల ఏ విద్యాలయానికి చెందినదో ఆ విద్యాలయాన్నే 1869లో ఎత్తివేసి, దాని స్థానంలో రష్యన్ భాషలో బోధించే విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినారు. పాఠాల భాష మారినది. అద్దాల బీరువాలలోని పక్షులు మాత్రం ఉన్నచోటనే ఉన్నవి. వాటి సంరక్షకుడూ ఉన్నచోటనే ఉన్నాడు.

సైబీరియాకు పోయినవారిలో బెనెదిక్త్ దిబోవ్‌స్కీ ఒకడు. 1833లో పుట్టినాడు, ముప్పది ఏండ్లు నిండకమునుపే ఆ వార్సా విద్యాలయంలో జంతుశాస్త్రం బోధించే ఆచార్యుడైనాడు. తిరుగుబాటులో పాల్గొన్నందుకు ఆయనకు మరణశిక్ష తప్పదనుకొన్నారు. జర్మనీలోని జంతుశాస్త్రజ్ఞులు ఆయన కొరకు మధ్యవర్తిత్వం చేయగా, అది పన్నెండేండ్ల ప్రవాసశిక్షగా మారినది. కొన్నాళ్ల తరువాత ఆయన 1868లో బైకాల్ సరస్సు దక్షిణపు కొసలో ఉన్న కుల్తూక్ అనే పల్లె చేరినాడు. వెంట విక్తోర్ గోద్లెవ్‌స్కీ అనే మరొక ప్రవాసి. ఇతడు పండితుడు కాడు. వేట తెలిసినవాడు, చేతిపనిలో ఆరితేరినవాడు. ఒకని చదువు, మరొకని చేతులు కలిసి పది సంవత్సరాలకు దగ్గరగా ఒకే మనిషివలె పనిచేసినవి. శాస్త్రచరిత్రలు మొదటివానిని గురించి పుటలకు పుటలు వ్రాసి, రెండవవానికి ఒక వాక్యంతో సరిపెట్టడం న్యాయం కాదు.

అంతకుముందు వచ్చి చూచిపోయిన శాస్త్రజ్ఞులు బైకాల్ నీటిలో జీవరాశి చాల తక్కువ అని వ్రాసిపోయినారు. వారు వేసవిలో వచ్చినారు, వేసవిలోనే పోయినారు. శిక్షపడినవానికి ఆ సౌకర్యం లేదు. వాడు శీతకాలం కూడ అక్కడనే ఉండవలెను. సరస్సు గడ్డకట్టి రాయివలె అయినప్పుడు దిబోవ్‌స్కీ, గోద్లెవ్‌స్కీలు మంచులో గండ్లు కొట్టినారు. ఎర కట్టిన బుట్టలవంటి సాధనాలను త్రాళ్లతో లోతుకు దించినారు. పైకి తీసినది మరుక్షణంలోనే గడ్డకట్టే చలి. కొట్టిన గండి మరునాటికి పూడుకొనిపోయేది, మళ్లీ కొట్టేవారు. అటువంటి పనిముట్లు కొనడానికి అక్కడ అంగడి లేదు. గోద్లెవ్‌స్కీ తానే చేసేవాడు. ఈ విధంగా రొయ్యకు దూరపు చుట్టమైన ఒక చిన్నజీవుల వర్గంలోనే సుమారు నూరు క్రొత్త జాతులు బయటపడినవి. జీవం లేదన్న నీరు జీవంతో కిక్కిరిసి ఉన్నదని లోకానికి తెలిసినది. శిక్షించిన రాజ్యంలోని భౌగోళిక సంఘమే దిబోవ్‌స్కీకి బంగారు పతకం ఇచ్చినది. ఇది జరిగినది ఆయన ఇంకా శిక్ష అనుభవిస్తున్న రోజులలోనే!

నీటి పని లేనప్పుడు పక్షుల పని. 1872 తరువాత వీరిద్దరూ మిహావ్ యాంకోవ్‌స్కీ అనే మూడవ ప్రవాసిని కలుపుకొని, అర్గూన్, ఆమూర్ నదుల వెంట పడవలో తూర్పు సముద్రం దాకా పోయినారు. తీరం తీరానా దిగడం, వేటాడడం, రాత్రి నిప్పు వెలుగులో చర్మాలు ఒలవడం, చీటీలు వ్రాయడం. ఆ పెట్టెలు ఖండం దాటి వార్సా చేరేవి. అక్కడ టచనోవ్‌స్కీ వాటిని పరిశీలించి, ఒకే జాతివి ఎక్కువగా ఉన్నప్పుడు అదనపు ప్రతులను ఐరోపాలోని ఇతర ప్రదర్శనశాలలకు అమ్మి, వచ్చిన సొమ్మును ప్రవాసుల పనికే వినియోగించేవాడు. ఒక ప్రభుత్వోద్యోగి, ఆ ప్రభుత్వం వెళ్లగొట్టిన రాజద్రోహులకు ఇట్లు చేయూత నిచ్చినాడు. అందులో దాపరికమేమీ లేదు. పక్షులను గురించిన ఉత్తరాలలో అనుమానించడానికి ఏమున్నది?

క్రొత్తజాతి దొరికినప్పుడు పేరు పెట్టే హక్కు దానిని మొదట వర్ణించినవానిది. టచనోవ్‌స్కీ ఈ హక్కును ఉదారంగా వినియోగించినాడు. 1874లో ఒక కొండపిచ్చుకవంటి పిట్టకు ఎంబెరిజా గోద్లెవ్‌స్కియై అని పేరు పెట్టినాడు. మన బట్టమేక పిట్టకు జ్ఞాతి అయిన పెద్ద పక్షి యొక్క తూర్పు సైబీరియా రూపానికి అదే సంవత్సరం దిబోవ్‌స్కీ పేరు పెట్టినాడు. 1888లో మరొక చిన్నపిట్ట ఎంబెరిజా యాంకోవ్‌స్కియై అయినది. లాటిన్ వ్యాకరణం ప్రకారం ఆ చివరి అక్షరానికి అర్థం "ఫలానావానిది" అని. గోద్లెవ్‌స్కీది, యాంకోవ్‌స్కీది. ఆస్తులు జప్తయి, ఊళ్లు దూరమైనవారికి ఇట్లు ఒక్కొక్క పక్షి సొంతమైనది. అధికారుల దస్తావేజులలో వారు నేరస్థులే. పారిస్, లండన్, బెర్లిన్ నగరాల పక్షి పట్టికలలో ఆ పేర్లు వేరొక విధంగా నిలిచినవి.

దక్షిణ అమెరికా కథ ఇంతకంటె వేరు. దానికి ధనం కావలసివచ్చినది. ఆ ధనం బ్రనిత్‌స్కీ అనే ప్రభువంశం ఇచ్చినది. కొన్‌స్తాంతీ యెల్‌స్కీ కీయెవ్ విశ్వవిద్యాలయంలో సంగ్రహశాల ఉద్యోగి. తిరుగుబాటు తరువాత పట్టుబడకుండా దేశం దాటి, ఫ్రెంచి గయానా చేరి, అక్కడినుండి 1869లో పెరూ పోయినాడు. అతడు పంపిన ఒక పెద్ద మూషిక జాతి మృగానికి బెర్లిన్ శాస్త్రజ్ఞుడు పీటర్స్ 1873లో ఆ పోషకుని వంశనామమే పెట్టినాడు. అటుపిమ్మట 1875లో, ఇరువదియొక్క ఏండ్ల యువకుడు యాన్ ష్టోల్త్స్‌మన్ అక్కడికి వచ్చి చేరినాడు.

ఈ ష్టోల్త్స్‌మన్ కనుగొన్నవాటిలో ఒక హమ్మింగు పక్షి కథ చెప్పదగినది. 1835లో ఒక ఆంగ్లేయ సంగ్రాహకుడు ఉత్తర పెరూలో దాని మగపక్షిని ఒక్కదానిని సంపాదించినాడు. తోకలో నాలుగే ఈకలు. వాటిలో రెండు సన్నని తీగలవలె సాగి, ఒకదాని నొకటి అడ్డంగా దాటి, చివర నీలపు బిళ్లలుగా విచ్చుకొన్నవి. పక్షి మొత్తం బొటనవ్రేలంత, తోక దానికి రెండింతలకు పైగా. అటు తరువాత నలభై ఏండ్లకు పైగా అది ఎవరికీ కనబడలేదు. అద్భుతం అన్న అర్థం గల లాటిన్ పేరు మాత్రం పుస్తకాలలో మిగిలినది. 1880 ప్రాంతంలో ష్టోల్త్స్‌మన్ దానిని తిరిగి కనుగొన్నాడు. చంపి పంపడమే కాదు, బ్రతికి ఉండగా చూచినాడు: మగపక్షి ఆడపక్షి ముందు గాలిలో నిలిచి ఆ రెండు బిళ్లలను ఆడించే తీరు గమనించినాడు. 1881లో ఆయనా టచనోవ్‌స్కీ కలిసి లండన్ జంతుశాస్త్ర సంఘపు పత్రికలో దానిని గురించి వ్యాసం ప్రకటించినారు. అడవిలో నిలబడి చూచినవాడూ, బల్ల ముందు కూర్చుండి కొలిచినవాడూ ఇద్దరూ ఒకే వ్యాసం మీద సంతకం చేయడం ఆ కాలంలో తరచుగా జరిగే పని కాదు. చాలమంది పండితులు చీటీ వ్రాసినవానికి కృతజ్ఞత చెప్పి ఊరకుండేవారు.

టచనోవ్‌స్కీ తన పెరూ గ్రంథాన్ని ఫ్రెంచి భాషలో వ్రాసినాడు. 1884 మొదలు 1886 వరకు సంపుటాలుగా అది ఫ్రాన్సు దేశంలోని రెన్ పట్టణంలో అచ్చయినది. సైబీరియా గ్రంథమూ ఫ్రెంచిలోనే. అది ఆయన పోయిన తరువాత, 1891 నుండి 1893 వరకు, రష్యా రాజధానిలో వెలువడినది. స్వదేశపు పక్షులను గురించిన పుస్తకాన్ని మాత్రం పోలిష్ భాషలో వ్రాసి, 1882లో క్రాకోవ్‌లో ప్రకటించినాడు. క్రాకోవ్ ఆస్ట్రియా పాలనలోనిది. అక్కడ పోలిష్ విద్యాసంస్థలకు ఊపిరి పీల్చుకొనే వీలుండేది. పరాయి పక్షులకు పరాయి భాష, ఇంటి పిట్టలకు ఇంటి భాష: ఈ పంపకంలో ఆయన మనసు తెలియుచున్నది.

ఇంతవరకు చెప్పినదంతా ఒక వైపు. వీరందరూ తుపాకి పట్టినవారు. ప్రతి చీటీ వెనుకా ఒక చావు ఉన్నది. పక్షిని కంటితో చూచి గుర్తించడానికి మంచి దూరదర్శినులు గాని, కెమెరాలు గాని లేని కాలమది. చేతిలో చర్మం లేనిదే ఏ పండితుడూ నమ్మేవాడు కాడు. ఈ సమాధానం నిజమే. కాని అది పూర్తి సమాధానం కాదు. 1876లో ష్టోల్త్స్‌మన్ తుంబేస్ దగ్గరి మడ అడవులలో తెల్లరెక్కల గువాన్ అనే అడవికోడివంటి పక్షిని సంపాదించినాడు. టచనోవ్‌స్కీ దానికి పేరు పెట్టినాడు. అటు తరువాత నూరేండ్లు అది మళ్లీ కనబడలేదు; లోకానికి మిగిలినవి మూడే చర్మాలు. అంతరించినదనే చాలమంది తలచినారు. ఆ చర్మాలే లేకుంటే అటువంటి పక్షి ఉండేదని ఎవరు వెదకుదురు? 1977లో పెరూ వాయవ్యాన ఎండు లోయలలో అది సజీవంగా కనబడినది. కనుక తుపాకి చేసిన అపకారమూ ఉపకారమూ ఒకే త్రాసులో తూగేవి కావు. మరొక ఉదాహరణ టచనోవ్‌స్కీ పేరుతోనే ఉన్నది. ఆండీస్ పర్వతాలపై నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉన్న హునీన్ సరస్సులో తప్ప ఎక్కడా లేని, ఎగురలేని ఒక మునుగుడుపిట్టకు 1894లో ష్టోల్త్స్‌మన్, బెర్లెప్ష్ అనే జర్మన్ పండితుడు కలిసి ఆయన పేరు పెట్టినారు. నేడు ఆ పిట్టలు కొన్ని వందలకు మించవు. దానికి కారణం సంగ్రాహకుల గుండ్లు కావు. గనుల నుండి వచ్చే విషజలమూ, ఆనకట్ట వలన హెచ్చుతగ్గులయ్యే నీటిమట్టమూ.

ష్టోల్త్స్‌మన్ వార్ధక్యంలో చేసిన పనిని ఇక్కడ చెప్పక తప్పదు. ఐరోపా అడవిదున్న స్వేచ్ఛగా మిగిలిన చివరి చోట్లలో ఒకటి పోలండులోని బియావోవియెజా అరణ్యం. యుద్ధకాలంలో సైనికులూ, దొంగవేటగాండ్లూ వాటిని కొట్టివేయగా 1919లో అక్కడి చివరిది నేలకూలినది. 1923లో పారిస్‌లో జరిగిన ప్రకృతి రక్షణ మహాసభలో ఈ వృద్ధ వేటగాడు లేచి, జంతు ప్రదర్శనశాలలలో మిగిలిన కొద్దిపాటి దున్నలనైనా దేశదేశాలు కలిసి కాపాడవలెనని కోరినాడు. ఆ సంవత్సరమే అందుకై ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడినది. 1928లో ఆయన పోయినాడు. మరుసటి ఏట దున్నలను తిరిగి బియావోవియెజాకు తెచ్చినారు.

సంగ్రహశాల చరిత్రకు ఇంత మంచి మలుపు దొరకలేదు. బ్రనిత్‌స్కీలు 1887లో స్థాపించిన సొంత ప్రదర్శనశాలను 1919లో స్వతంత్ర పోలండుకు అప్పగించినారు. రెండు సంగ్రహాలూ ఒకటైనవి. 1935లో అగ్నిప్రమాదంలో కొంత భాగం కాలిపోయినది. 1939లో వార్సాను ఆక్రమించిన జర్మన్లు కొంత తరలించుకొనిపోయినారు. నగరమే నేలమట్టమైన యుద్ధాన్ని దాటి చాలభాగం నిలిచినది. మంచులో గండ్లు కొట్టిన చేతులు ముడివేసిన దారాలు కొన్ని పక్షుల కాళ్లకు ఇంకా ఉన్నవి.

దిబోవ్‌స్కీ 1877లో విడుదలై వచ్చినాడు. రెండేండ్లు తిరగకుండానే, ఈసారి ఎవరూ తరమకుండా, తానే వైద్యాధికారిగా కమ్చాత్కాకు పోయి నాలుగేండ్లు ఉన్నాడు. తరువాత ల్వూవ్ నగరంలో ఆచార్యుడై, 1930లో తొంబదియారేండ్ల వయసున మరణించినాడు. గోద్లెవ్‌స్కీ మాత్రం తన సీమకు తిరిగి వచ్చి సేద్యం చేసికొన్నాడు, 1900లో చనిపోయినాడు. అతని పేరు మోసే పక్షులలో రెండవది, 1876లో టచనోవ్‌స్కీ వర్ణించిన ఆంథస్ గోద్లెవ్‌స్కియై, గోధుమరంగు చారల చిన్నపిట్ట. ఇంగ్లీషులో దానిని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ పేరుతో పిలుస్తారు. అది వేసవిలో మంగోలియాలోనూ, బైకాల్‌కు తూర్పున ఉన్న గడ్డిమైదానాలలోనూ గూడు కట్టి, శరత్కాలంలో హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చి, తెలుగునేలతో సహా బీళ్లలోనూ, కోత అయిన పొలాలలోనూ పురుగులు ఏరుకొని, ఎండలు ముదరకముందే తిరిగి పోవుచున్నది.