రాణిగంజ్‌లో గడ్డికోత యంత్రం

హైదరాబాదు నుంచి టాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాదు వెళ్ళేవారికి, 1992లో హుస్సేన్‌సాగర్‌లో నిలిపిన బుద్ధుడు వెనుకబడి, కర్బలా మైదానం దాటేటప్పటికి నీటిగాలి పోయి గ్రీజు వాసన తగులుతుంది. అదే రాణిగంజ్!

మోటార్లు, పంపులు, పైపులు, బేరింగులు, బోల్టులు - వ్యవసాయానికీ కార్ఖానాకూ కావలసిన ఇనుప సామాను యావత్తూ ఇక్కడ దొరుకుతుంది. ఆటో ట్రాలీలను, తోపుడు బండ్లను, భుజాన బరువెత్తుకొని పరుగెత్తే హమాలీలను తప్పించుకొని నడవడం ఒక విద్య. ఒక్క బేరంలోనే తెలుగూ ఉర్దూ గుజరాతీ వినిపిస్తాయి.

మా బావమరిదికి సంగారెడ్డి దగ్గర నాలుగెకరాల మామిడితోట ఉంది. వానలు పడితే చెట్లకింద మోకాలెత్తు గడ్డి. కొడవలి పట్టే కూలీలు దొరకడం గగనం. అందుచేత నిరుడు పెట్రోలుతో నడిచే గడ్డికోత యంత్రాన్ని సెల్‌ఫోనులో చూసి తెప్పించుకున్నాడు. మన పెద్దలు పత్రికలో ప్రకటన చూసి వి.పి.పి.లో గడియారాలు తెప్పించుకునేవారు కదా! తపాలాశాఖ 1877లో మొదలుపెట్టిన ఏర్పాటది. పేరు మారింది గాని పద్ధతి అదే: వస్తువు ముందు బొమ్మలో కనిపిస్తుంది, తరువాత పెట్టెలో వస్తుంది.

పెట్టె వచ్చింది. ధర బజారుకంటె రెండు వేలు తక్కువ. లోపల ఇంగ్లీషు పుస్తకం. విప్పి చెప్పేవాడు లేడు. తోటలో పనిచేసే కుర్రవాడు, అడ్డంగా ఉందని బ్లేడు మీది రక్షణ రేకు తీసేసి కోత మొదలుపెట్టాడు. రాయి ఎగిరి కనుబొమ చిట్లింది. అంగుళం కిందికి తగిలితే కన్నే పోయేది! నెల తిరక్కుండా స్టార్టరు తాడు తెగింది. ఆ భాగానికి రాస్తే, వచ్చే వారమన్నారు, మళ్ళీ వచ్చే వారమన్నారు. అందాకా గడ్డి ఆగుతుందా?

"బావగారూ, ఈసారి మనిషి ముఖం చూసి కొంటాను" అన్నాడు మా బావమరిది. కుర్రవాణ్ణి కూడా వెంటబెట్టుకొని రాణిగంజ్ చేరాం.

దుకాణదారు యంత్రం చూపకముందే ప్రశ్నలు వేశాడు. ఎంత నేల? రాళ్ళున్నాయా? పచ్చిగడ్డా, ముదురు కంపా? పచ్చిగడ్డికి నైలాను తాడు, కంపకు బ్లేడు అన్నాడు. టూ స్ట్రోకు యంత్రమైతే నూనెను పెట్రోలులోనే కలపాలట. ఆయన చూపినదానికి లీటరుకు 20 మిల్లీలీటర్లు; యంత్రాన్నిబట్టి కొలత మారుతుంది. ఫోర్ స్ట్రోకుకు నూనె విడిగా పోస్తారు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తుంది గనుక, అది తేమ పీలుస్తుంది. కోతలు ముగిశాక ట్యాంకు ఖాళీ చేయకపోతే కార్బురేటరు పాడవుతుంది.

ఆ పైన కుర్రవాడి భుజానికి పట్టీ తగిలించి, ఎత్తు సరిచేశాడు. "తమ్ముడూ, ఈ రేకు లేనిదే యంత్రం ముట్టుకోకు. కళ్ళద్దాలు పెట్టుకో. 15 మీటర్ల లోపలికి మనిషిని గాని మేకను గాని రానివ్వకు" అన్నాడు. కనుబొమ మీది మచ్చ తడుముకుంటూ అతడు తల ఊపాడు. ఎక్కువ ఇచ్చిన రెండు వేలూ ఈ నాలుగు మాటలకే చెల్లాయనుకున్నాను.

అలాగని రాణిగంజ్‌లో అందరూ ధర్మరాజులే అనుకోకండి సుమా! బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బిల్లు మీద యంత్రం నంబరూ, వారంటీ కార్డు మీద తేదీ, ముద్రా వేయించుకోండి. విడిభాగాలు దుకాణంలో ఉన్నాయేమో కళ్ళారా చూడండి.

బజారు దూరమైన పల్లెవారికి పార్సిలే దిక్కు. వారికి చట్టం కొంత అండ ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చేతి తొడుగులు, నైలాను తాడు వంటివి ఎలా తెప్పించుకున్నా ఒకటే. గిర్రున తిరిగే బ్లేడు మాత్రం, పట్టుకోవడం నేర్పేవాడి దగ్గరే కొనాలి.

వెళ్ళదలచినవారు ఆదివారం పెట్టుకోకండి. ఆనాడు చాలా దుకాణాలకు తాళాలే దర్శనమిస్తాయి.