వ్యాను కుడి దీపం

భోగాపురం తీరగ్రామాల పిల్లలను విజయనగరంలోని మా మద్రసాకు తెచ్చి, ఇషా నమాజు తరువాత తిరిగి ఇళ్లకు చేర్చే పాత వ్యానుకు గత చలికాలంలో కుడి దీపం మందగించింది. ఎడమది తెల్లగా వెలుగుతుంటే కుడిది ఆరబోయే నిప్పుకణికలా ఎర్రబారింది. మన దేశంలో కుడి దీపమంటే రోడ్డు మధ్యవైపు ఉండే దీపం. అది కనిపించకపోతే ఎదుటివాడు ఏదో మోటారు సైకిలు అంచున వస్తున్నదనుకొని మధ్యకు జరుగుతాడు. నాతవలస దారిలో రాత్రిపూట ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఒక కుర్ర మెకానిక్ రెండుసార్లు బల్బు మార్చాడు. ఫలితం లేకపోగా కొత్త తీగ లాగాడు. అది రేకు అంచుకు రాసుకొని ఫ్యూజు పోయింది. ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టి "ఇక పోదు" అన్నాడు. నిజమే, పోదు. పోవడమే దాని పని కదా! పన్నెండు వోల్టుల బండిలో 55 వాట్ల దీపానికి సుమారు నాలుగున్నర ఆంపియర్ల విద్యుత్తు చాలు. ఎక్కడైనా షార్టయితే తీగ కాలకముందే ఫ్యూజు కరగాలి. రాగి పోగు కరగకపోతే కాలేది తీగ, ఆపై పిల్లలు కూర్చున్న సీటు. ఆ రాత్రి వ్యానును కదలనివ్వలేదు. పిల్లలను ఆటోలలో పంపాము.

మరునాడు సాలూరు లారీ షెడ్లలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన వచ్చారు. బల్బును ముట్టనే లేదు. డిమ్ వేయించి, "మీటర్లో నీలం లైటు సన్నగా ఎలుగుతోందా సాయిబు గారూ?" అని అడిగారు. వెలుగుతోంది. "బల్బు ఏటి సేత్తాది బాబూ, ఎర్తు అందనేదు" అన్నారు. మూడు కాళ్ల బల్బుకు ఎర్తు దారి మూసుకుపోతే, కరెంటు రెండో తంతువు గుండా హైబీమ్ దారిలోకి మళ్లి ఆ నీలం దీపాన్ని వెలిగిస్తుందట.

మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివుకు, రెండవదాన్ని బల్బు ఎర్తు కాలికి ఆనించారు. దీపం వెలుగుతుండగా సున్నాకు దగ్గరగా చూపవలసిన మీటరు మూడు వోల్టులు చూపింది. నాలుగో వంతు దారిలోనే పోతోందన్నమాట. అంతమాత్రానికే వెలుగు సగానికంటే తగ్గిపోతుంది.

నహ్వ్ పాఠంలో పదం చివరి హరకత్ తప్పితే ఆ అక్షరాన్ని దిద్ది ఊరుకోము. దానిని శాసించే ఆమిల్ వాక్యంలో ఎక్కడున్నదో వెదకమంటాము. ఆయన వెదికిందీ అలాగే. దీపం వెనుక రేకుకు బిగించిన బోల్టు కింద ఉప్పుగాలి తెచ్చిన తుప్పు పొరలుగా కట్టి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు పూశారు. రేకు అంచున తీగకు రబ్బరు తొడిగారు. రాగి పోగు తీసి, పెట్టె మూత మీద ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో అదే ఫ్యూజు పెట్టారు. గంట కూడా పట్టలేదు.

పిల్లలను వ్యానులో పంపే తల్లిదండ్రులు ఆ పెట్టె మూతను ఒకసారి తెరిపించి చూడాలని నా మనవి. ఆ వారమే మేము మరో రెండు వ్యాన్లవి తెరిపించాము. ఒకదానిలో ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది.