మసకబాఱిన తెర

ఇంటిలో దీపము కొడిగట్టినచో మనము మొదట చమురు చూతుము. పిదప వత్తి నెగద్రోతుము. ప్రమిదను వీధిలో పాఱవేయవలెనని యెవరికిని తోచదు. కాని ల్యాప్‌టాపు తెర యొకనాడు హఠాత్తుగా మసకబాఱినచో, ఆ పరిశీలన యంతయు మఱచి, "ఇది చెడిపోయినది, క్రొత్తది కొనవలెను" అని నిశ్చయించుచున్నాము. ఈ తొందరవలన సొమ్ము పోవుటయే కాదు. ఆ యంత్రము నాధారము చేసికొని యింటనుండి నాలుగు రూపాయలు సంపాదించుకొను స్త్రీ పనియు పోవును. అందుచే నీ విషయమున మాకు దెలిసినంత సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మేము నివసించు కర్దనూరు సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమునకు జేరువనున్న గ్రామము. మా యింటి పురుషులు పాశమైలారములోని కర్మాగారములకు పగటి షిఫ్టనియు రాత్రి షిఫ్టనియు పోయి వచ్చుచుందురు. మా తోడికోడలు బీకాం చదివినది. ఇంటిపని ముగిసిన పిదప ఇద్దఱు వర్తకుల జీఎస్టీ లెక్కలు ల్యాప్‌టాపుమీద వ్రాసిపెట్టును. ఆ వచ్చెడి సొమ్ముతోడనే ఆమె కూతురి బడి ఫీజు చెల్లుచున్నది. నెలనెల లెక్క యొప్పగించు వర్తకులు జీఎస్టీఆర్-3బీ యను పత్రమును మఱుసటి నెల 20వ తేదీలోగా దాఖలు చేయవలెను. గడువు దాటినచో దినమునకింత యని ఆలస్య రుసుము పడును.

క్రిందటి సంవత్సరము ఒక నెల 17వ తేదీ సాయంకాలమున ఆమె పని చేయుచుండగా తెర యొక్కసారిగా నల్లబడెను. అక్షరములు బూడిద క్రింద నున్నట్లు లీలగా మాత్రమే కానవచ్చుచుండెను. మా మఱది దానిని ఒక దుకాణమునకు గొనిపోగా, ఆ దుకాణదారు మూత యైనను విప్పకయే, "తెర మార్చవలెను, ఎనిమిది వేలగును" అని చెప్పి పంపెను. అది విని మా అత్తమ్మ, "పాత యంత్రమునకు అంత సొమ్మెందుకు బిడ్డా? ఈ పని మానుకో. ఇంటిలో పని లేదా?" అనెను. ఆ మాటలో కోపము లేదు, కనికరమే యున్నది. అయినను తోడికోడలు బదులు చెప్పలేక, "అక్కా, ఇప్పుడేమి చేయుదును?" అని మా వంక చూచెను. పోవునది యంత్రమా, ఆమె స్వతంత్రమా యను ప్రశ్న ఆ రాత్రి మా యెదుట నిలిచెను.

ఇట్టి సమయమున మొదట తెలియవలసినది, ఆ తెరకు వెలుగెక్కడినుండి వచ్చుచున్నదను సంగతి. మన ల్యాప్‌టాపులలో ననేకమునకు ద్రవస్ఫటికపు తెర లుండును. 1888లో రైనిట్జరను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంపలనుండి లభించిన కొలెస్టరాలును పరిశోధించుచు, రెండుసార్లు కరగు వింత పదార్థమును గనుగొనెను. ద్రవస్ఫటిక విజ్ఞానమునకు అదియే యారంభము. ఈ పదార్థము తానుగా వెలుగదు; కిటికీ రెక్కలవలె వెలుగును పోనిచ్చుటయు నాపుటయు మాత్రమే దాని పని. వెలుగునిచ్చునవి తెర వెనుక, అంచున వరుసగా నమర్చిన చిన్న ఎల్‌ఈడీ దీపములు. కనుక తెర మసకబాఱినంతమాత్రమున బొమ్మ పోయినదని యర్థము కాదు. వెనుక దీపమునకు విద్యుత్తు చేరుటలేదేమో యని మొదట విచారింపవలెను.

ఈ విచారణకు పనిముట్లక్కఱలేదు. మేము చేసిన వరుస యిది. మొదట సూర్యుని గుఱుతుగల మీటలను నొక్కి వెలుగు పెంచి చూచితిమి; ఎవరి వ్రేలో తగిలి తగ్గియుండవచ్చును గదా! పిమ్మట చార్జరు తగిలించితిమి. బ్యాటరీ తగ్గినపుడు పొదుపుకొఱకు యంత్రము తనంతట వెలుగును దించుకొనును. గది వెలుతురునుబట్టి తెరను మార్చు నేర్పాటు గల యంత్రములలో దాని నాపి చూడవలెను. అటుపై యంత్రమును పూర్తిగా నార్పి మరల వెలిగించితిమి. తయారించిన కంపెనీ పేరు కనబడు తొలి క్షణమునందే తెర మసకగా నున్నచో, దోషము చాలవఱకు అమరికలలో లేదని తలపవచ్చును. మాకు అట్లే కనబడెను.

తరువాత గదిలో దీపమార్పి, మొబైలు ఫోను టార్చిని తెరకు ఏటవాలుగా పట్టితిమి. ఆ వెలుగులో అక్షరములు స్పష్టముగా కనబడెను. అనగా బొమ్మ యేర్పడుచునే యున్నది. వెనుక దీపమే వెలుగుటలేదు. (ఓలెడ్ తెరలలో ప్రతి చుక్కయు స్వయముగా వెలుగును గావున ఈ పరీక్ష వానికి చెల్లదు.) పిదప హెచ్‌డీఎంఐ తీగతో ల్యాప్‌టాపును ముందుగదిలోని టీవీకి తగిలించితిమి. టీవీలో బొమ్మ చక్కగా వచ్చెను! ఆ రాత్రియు మఱునాడును మా తోడికోడలు టీవీ యెదుట పీట వేసికొని కూర్చుండి, లెక్కలన్నియు ముగించి, గడువునకు ముందే దాఖలు చేసెను. ఆ పెద్ద తెరపై అంకెల వరుసలను జూచుచు మా అత్తమ్మ, "ఇంత పని చేయుచుంటివా బిడ్డా!" అని యబ్బురపడెను. కోడలు రాత్రులు చేయు పని యేమో ఆమె కన్నులార చూచుట అదియే ప్రథమము.

కడపటి పరీక్షగా మూతను మెల్లగా ముందునకు వెనుకకు వంచి చూచితిమి. ఒక కోణమున తెర తళుక్కున వెలిగి, మరల మలగెను. మూతబందుగుండా తెరకు పోవు సన్నని తీగ, తెఱచి మూయునపుడెల్ల నలిగి నలిగి దెబ్బ తిన్నదని అందువలన నూహించితిమి. ఈసారి మేమిరువురమును పటాన్‌చెరులో మఱియొక మరమ్మతు చేయువానికడకు పోయి, "తెరకు దోషము లేదు, బందులోని తీగను చూడుము" అని యడిగితిమి. అతడు మా యెదుటనే బ్యాటరీ సంబంధమును విడదీసి, మూత విప్పి, నలిగిన తీగను చూపెను. క్రొత్త తీగకును కూలికిని కలిపి పదునైదు వందల రూపాయలయ్యెను.

సోదరీమణులారా! లోపల విప్పుట మాత్రము పని తెలిసినవారికే విడువుడు. బ్యాటరీ తీయక యా తీగను కదల్చినచో లోపలి సన్నని ఫ్యూజు పోవచ్చును. బ్యాటరీ యుబ్బి యడుగుభాగము లేచియున్నచో చార్జింగు పెట్టరాదు, నొక్కరాదు. యంత్రము నొరుల చేతికిచ్చుటకు ముందు టీవీకి తగిలించి, మీ కుటుంబపు ఫొటోలను, బ్యాంకు పత్రములను వేఱొకచోట భద్రపఱచి, ఖాతాలనుండి బయటకు వచ్చి యిండు. ఏ భాగము మార్చిరో వ్రాసిన రసీదు నడిగి పుచ్చుకొనుడు. అన్యాయము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. ఇక ప్రతిదినము మూతను ఒక మూల పట్టి లాగక నడుమ పట్టి తెఱచుట, మీటలపై పెన్నులు మఱచి మూయకుండుట, తెరపై నేరుగా నీరు చల్లకుండుట యనునవి మన చేతిలోని జాగ్రత్తలు.

యంత్రముల సంగతి పురుషులకే తెలియునని పలువురు తలచెదరు. పొయ్యి మంట యెఱ్ఱబడినచో బర్నరు రంధ్రములు మూసికొన్నవని, మిక్సీ మూలిగినచో జారులో నేదో యిఱికినదని కనిపెట్టునది మనమే కదా! ఆ పరిశీలనాశక్తియే ఇక్కడను చాలును. ఏమి యడుగవలెనో తెలిసి పోయిన స్త్రీని ఏ దుకాణదారుడును సులభముగా మోసగింపలేడు. మీ యింటి బాలికలకు ఈ నాలుగు పరీక్షలను ఒక సాయంకాలము చేయించి చూపుడు. వారి చదువును, వారి సంపాదనయు రేపు ఆ తెరమీదనే సాగవలసి యున్నవి.