ఒక మనిషి ఇద్దరైతే

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు దిద్దుకున్నది రైల్వే గుమాస్తా ఉద్యోగం ముగిశాక. అందుకే మన సంఘం సభ్యుల ఫోటో ఫైళ్లకు తెలుగు పేర్లే ఉండాలని మా పట్టు.

వాటిని కొత్త ఫోల్డరుకు మార్చే స్క్రిప్టు "అలాంటి ఫైలు లేదు" అని మొరాయించింది. "పేర్లు ఇంగ్లీషులో పెట్టేద్దాం తాతా" అన్నారు పిల్లలు. మేము ఒప్పుకోలేదు. అడ్డం తెలుగు కాదు, ఖాళీ. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ కనిపిస్తే షెల్ ఒక మనిషిని ఇద్దరిగా లెక్కేస్తుంది. ఫర్ లూప్‌కు ఎల్ఎస్ జాబితా బదులు నక్షత్రం గుర్తు ఇచ్చి, వేరియబుల్‌ చుట్టూ జంట కొటేషన్లు పెట్టాం. పార్సిలాఫీసులో ఒకరి రెండు మూటలకు తాడేసి కట్టినట్టు, పేరు ఒక్కటిగా నడిచింది. మీరు చేసేటప్పుడు ముందు ఎకో పెట్టి, ఏం జరగబోతుందో చూసుకోండి.

తెలుగుకు నిజంగా జాగ్రత్త కావలసిన చోటు వేరే ఉంది. "సుగటూరు" కంటికి 4 అక్షరాలు, యూనికోడ్‌లో 7 సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. బైట్లు లెక్కపెట్టి పేరు కత్తిరిస్తే అక్షరం నడుమ తెగుతుంది.

పేరు మార్చుకోవాల్సింది మనం కాదు. స్క్రిప్టును సరిచేద్దాం.